120 మీటర్ల దూరం నుంచి చూడండి

ప్రశ్న: సార్, మా పెద్దనాన్న 1970ల చివర్లో, 80ల్లో బొంబాయి నుంచి దుబాయ్‌కి ఎయిర్ ఇండియా జంబోలో వెళ్ళి వస్తుండేవారు. కిటికీలకు ఎర్రటి తోరణాలున్న ఆ 747 మోడల్ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని చాలా రోజులుగా ఉంది. 1:400 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 400వ వంతు సైజులో, రెండు దొరికాయి. ఒకటి పాతది, సెకండ్ హ్యాండ్, రూ.4,000. రెండోది కొత్త అచ్చుతో (మోల్డ్‌తో) వచ్చింది, రూ.9,500. బరువుగా ఉన్నదే మంచిదని మా ఫ్రెండ్ అంటాడు. వీడియోల్లో చూస్తే రెండింట్లోనూ బోలెడు లోపాలు చూపిస్తున్నారు. చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. క్వాలిటీ అనేది దేన్నిబట్టి చెప్పాలి? ఇప్పుడు కొంటే రేపు ధర పెరుగుతుందా? రెండింటి ఫొటోలూ పంపుతున్నాను. (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

సమాధానం: మీ ఫొటోలు చూశాను. ఏది కొనాలో చివర్లో చెప్తాను. ముందు ఆ వీడియోలు చూడటం ఆపండి. పదిహేడు, పద్దెనిమిది సెంటీమీటర్ల బొమ్మ ముక్కుని ఫోన్ తెర నిండా పరిచి చూపిస్తే ఎంత మంచి పనితనమైనా అసహ్యంగానే కనిపిస్తుంది. మన మొహాన్ని అలా చూపించినా అంతే.

నేను చిన్నప్పుడు బేగంపేట విమానాశ్రయం ప్రహరీ పక్కన, రసూల్‌పురా వైపు నిలబడి విమానాలు చూసేవాణ్ణి. అవి మాకు మరీ దగ్గరగా వచ్చేవి కావు, అలాగని దూరమూ కాదు. రెక్క కింద రాసిన అక్షరాలు చదవగలిగేవాళ్ళం, రివెట్లు మాత్రం కనపడేవి కావు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక చిన్న లెక్క వేసుకున్నాను. 1:400 మోడల్‌ని మనం చేతిలో పట్టుకుని మామూలుగా 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 30ని 400తో గుణిస్తే 12,000 సెంటీమీటర్లు, అంటే 120 మీటర్లు. మోడల్‌ని చేతిలో పట్టుకోవడమంటే అసలు విమానాన్ని 120 మీటర్ల దూరం నుంచి, ఇంచుమించు ఆ ప్రహరీ దగ్గర నుంచి చూడటమే. అప్పట్నుంచీ నా కొలబద్ద అదొక్కటే. 120 మీటర్ల నుంచి కనిపించాల్సింది మోడల్‌లో ఉందా? కనిపించకూడనిది ఏదైనా ముందుకొచ్చి కూర్చుందా?

ఈ రెండో ప్రశ్న ఎవరూ వేసుకోరు. రెక్క మీదా పొట్ట మీదా గీతలు చెక్కి ఉంటే ‘అబ్బ, ఎంత డీటెయిలో’ అంటారు. ఆ గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అసలు విమానంలో అది 8 సెంటీమీటర్ల సందు. రేకుకీ రేకుకీ మధ్య చెయ్యి దూరేంత సందు పెట్టుకుని ఏ విమానమూ ఎగరదు. కాబట్టి లోతుగా చెక్కిన గీతలు డీటెయిల్ కాదు, తప్పు. పలుచగా అచ్చేసిన బూడిదరంగు గీత దానికన్నా ఎంతో నిజాయితీగా ఉంటుంది. యాంటెన్నాలూ అంతే. నిజంగా 40 సెంటీమీటర్ల ఎత్తున్న యాంటెన్నా ఈ స్కేల్‌లో ఒక్క మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల మేకులు వీపు మీద దిగ్గొట్టిన మోడల్ కన్నా అసలు యాంటెన్నాలే లేని పాత మోడల్ నా కంటికి నయం. రంగు పూత కూడా మందంగా ఉండకూడదు. పదోవంతు మిల్లీమీటరు పూత అంటే ఈ స్కేల్‌లో 4 సెంటీమీటర్లు. తలుపుల అంచులు, రెక్క వెనక అంచు మొద్దుబారి కనిపించేది అందుకే.

ఇక 120 మీటర్ల నుంచి కనిపించి తీరాల్సింది మొహం. ఏ మోడల్ చేతికొచ్చినా ముందు ముక్కు చూస్తాను. కాక్‌పిట్ అద్దాలు అర మిల్లీమీటరు పైకి జరిగితే చాలు, విమానం ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తుంది. కిందికి జరిగితే నిద్రమొహం వేస్తుంది. బోయింగ్ 787కి ముందు నాలుగే అద్దాలు, ఎయిర్‌బస్ A350కి వాటి చుట్టూ నల్లటి ముసుగు, ఎయిర్‌బస్ A320కి పక్క అద్దం పై మూల కత్తిరించినట్టు ఉంటుంది. ఇవి తప్పితే మిగతాదంతా ఎంత బాగున్నా ‘ఇది ఆ విమానం కాదు’ అని కన్ను చెప్పేస్తుంది. ఎందుకో మనకి వెంటనే తెలియకపోవచ్చు గానీ కన్నుకి తెలుస్తుంది. అసలు విమానాన్ని సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి, మోడల్‌ని అదే కోణంలో తీసినది ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే కారణం కూడా దొరుకుతుంది.

మీరడిగిన 747 సంగతికొస్తే, ఒక స్టీలు స్కేలు తీసుకోండి. 747-200 అయినా 747-400 అయినా పొడవు 70.66 మీటర్లే. 1:400లో దాదాపు 17.7 సెంటీమీటర్లు రావాలి. రెక్కల దగ్గర తేడా వస్తుంది. 200 రకానికి ఈ చివర నుంచి ఆ చివరకి 59.6 మీటర్లు, అంటే మోడల్‌లో 14.9 సెంటీమీటర్లు. 400 రకానికి 64.4 మీటర్లు, మోడల్‌లో 16.1. 400కి రెక్కల చివర పైకి లేచిన వింగ్‌లెట్లు ఉంటాయి, మూపు లాంటి పై అంతస్తు వెనక్కి సాగి ఉంటుంది. 200కి మూపు పొట్టి, వింగ్‌లెట్లు ఉండవు.

ఎయిర్ ఇండియా విషయంలో దీనికో సులువైన గుర్తుంది. 1971లో వచ్చిన మొదటి జంబో (రిజిస్ట్రేషన్ నంబరు వీటీ-ఈబీడీ) పేరు ‘ఎంపరర్ అశోక’. 200 రకం విమానాలన్నిటికీ ఇలా చక్రవర్తుల పేర్లే పెట్టారు. మన కృష్ణదేవరాయల పేరుతోనూ ఒకటి ఎగిరింది, వీటీ-ఈఎఫ్‌యూ. 1993 నుంచి వచ్చిన 400 రకానికి కోణార్క్, తంజావూర్, ఖజురహో, అజంతా, ఆగ్రా అంటూ ఊళ్ళ పేర్లు పెట్టారు. కాబట్టి ముక్కు దగ్గర చక్రవర్తి పేరుండి రెక్క చివర వింగ్‌లెట్ ఉంటే ఆ మోడల్‌ని ఇంకేమీ చూడకుండా తిప్పి పంపెయ్యొచ్చు. మీ పెద్దనాన్న ఎక్కినవి చక్రవర్తులే అయ్యుంటాయి. మీరు పంపిన రెండూ 200 రకమే, ఆ భయం లేదు.

ఒక చిన్న హెచ్చరిక. వీటీ-ఈబీడీ 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరి సముద్రంలో కూలిపోయింది. 1985 జూన్ 23న బాంబు పేలుడుకి గురైన ‘కనిష్క’ వీటీ-ఈఎఫ్‌ఓ. మీ పెద్దనాన్న జ్ఞాపకంగా పెట్టుకునే బొమ్మ మీద ఏ నంబరుందో చూసుకుని కొనండి. పట్టింపు లేదంటే సరే.

రిజిస్ట్రేషన్ నంబరు చూడమనడానికి ఇంకో కారణం ఉంది. మంచి మోడల్ అంటే ‘ఒక 747’ కాదు, ఫలానా నంబరు విమానం ఫలానా ఏట ఎలా ఉండేదో అలా ఉండాలి. 1978లో పోయిన విమానం నంబరుతో 2007 తర్వాతి రంగులు, అంటే ఎర్ర హంసలో నారింజ కోణార్క్ చక్రం వేస్తే అది కథ అల్లడమే. ఇంజన్లూ అంతే. ఎయిర్ ఇండియా 747-200లకి ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు. వేరే కంపెనీ ఇంజన్లున్న అచ్చు మీద మన రంగులేసి అమ్మితే ఇంజన్ తొడుగు ఆకారం వెంటనే పట్టిస్తుంది.

ఈ విషయంలో నాకు మహా ఇష్టమైన పరీక్ష ఇండియన్ ఎయిర్‌లైన్స్ A320. 1989లో ఆ విమానాలు వచ్చినప్పుడు మన రన్‌వేల మీద బరువు పరచుకునేలా ప్రధాన చక్రాల కాళ్ళకి రెండేసి కాకుండా నాలుగేసి చక్రాలు పెట్టించుకున్నారు. ప్రపంచమంతా A320 కాలికి రెండు చక్రాలే కదా, అందుకే మామూలు అచ్చు వాడితే అది ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం అవదు. ఇంజన్ కూడా వీ2500, వెనక దాకా ఒకటే గొట్టంలా నున్నగా ఉంటుంది. 2007 నుంచి ఎయిర్ ఇండియాకి వచ్చిన A321ల సీఎఫ్‌ఎం ఇంజన్‌కి మాత్రం తొడుగు ముందే ఆగిపోయి, లోపలి గొట్టం వెనక బయటికి కనిపిస్తుంది. ఎవరైనా నాకు ఇండియన్ ఎయిర్‌లైన్స్ A320 చూపిస్తే నేను రంగు చూడను, వంగి చక్రాలు లెక్కపెడతాను. మీరూ మీ 747కి లెక్కపెట్టండి: ముందు 2, వెనక నాలుగు కాళ్ళకీ నాలుగేసి, మొత్తం 18 ఉండాలి. గాజు పలక మీద పెడితే అన్నీ ఆనాలి. ముందు చక్రం గాల్లో తేలుతుంటే కాళ్ళు వంకరగా అతికించారని అర్థం.

ఇప్పుడు రంగుల అద్దకం. ఆ తోరణాల రంగు వెయ్యడం ఎంత కష్టమో తెలిస్తే మీకు ఆ బొమ్మ మీద గౌరవం పెరుగుతుంది. కిటికీ ఎత్తే ఒక మిల్లీమీటరు. దాని చుట్టూ రాజస్థానీ ఝరోఖాలా ఎర్రటి వంపు. అలాంటివి ఒక్కో పక్కా పదుల కొద్దీ ఉంటాయి. దీన్ని టాంపో ప్రింట్ అంటారు. చెక్కిన పలక మీది రంగుని మెత్తటి సిలికాన్ గుండు ఎత్తుకుని బొమ్మ వంపు మీద అద్దుతుంది. ఒక్కో రంగుకి ఒక్కోసారి అద్దాలి. రెండో అద్దకం వెంట్రుకవాసి జరిగినా కిటికీ ఒకచోట, తోరణం ఒకచోట పడుతుంది. అందుకని కిటికీల వరసని ముక్కు నుంచి తోక దాకా తలుపులతో పోల్చుకుంటూ చూడండి. మొదటి తలుపు దగ్గర కిటికీలు ఏ ఎత్తులో ఉన్నాయో చివరి తలుపు దగ్గరా అదే ఎత్తులో ఉండాలి. వరస జారిందంటే అర మిల్లీమీటరే కావచ్చు, అసలు విమానంలో అది 20 సెంటీమీటర్లు. అది 120 మీటర్ల నుంచి కచ్చితంగా కనిపిస్తుంది.

రెక్క అతుకు గురించి మీ ఫ్రెండ్స్ చాలా చెప్పి ఉంటారు. పాత అచ్చుల్లో రెండు రెక్కలూ పొట్ట అడుగు భాగంతో కలిపి ఒకే ముక్కగా పోసి, దాన్ని కింది నుంచి బిగించేవారు. ఆ ముక్క చుట్టూ గీతలా అతుకు కనిపిస్తుంది. కొత్త వాటిలో రెక్కల్ని విడిగా పక్క గాడిలోకి దోపుతారు, అతుకు రెక్క మొదట్లో దాగిపోతుంది. కొత్త పద్ధతే మేలు, వాదన లేదు. కానీ అతుకు ఉన్నంత మాత్రాన పాత మోడల్ చెత్త అయిపోదు. అతుకు పొట్ట కింద ఉంటుంది, మీరు బొమ్మని అల్మరాలో పైనుంచి చూస్తారు. అతుక్కి అటూ ఇటూ రంగు ఒకటేనా, గీత వంగకుండా కలిసిందా అన్నది చూస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి. లోపాల్లో రెండు జాతులున్నాయి. ముక్కు ఆకారం తప్పడం, మూపు పొడవు తేడా రావడం అచ్చు లోపాలు. ఆ అచ్చులో పోసిన ప్రతి బొమ్మకీ అవే ఉంటాయి, వంద మార్చినా అంతే. రెక్క వంగడం, కిటికీలు జారడం, రంగులో దుమ్ము చిక్కుకోవడం ఆ ఒక్క పీసు లోపాలు. పక్క పెట్టెలోది శుభ్రంగా ఉండొచ్చు. చివర్లో చేతులతోనే అతికిస్తారు కాబట్టి ఒకే మోడల్ రెండు పీసులు అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు. అందుకే కంపెనీ పేరు చూసి కొనొద్దంటాను. జెమినీ జెట్స్ 1998 నుంచి ఉంది, హెర్పా ఇంకా పాతది, ఎన్‌జీ మోడల్స్ ఈమధ్య వచ్చింది. ఏ కంపెనీలో అయినా పాత అచ్చులుంటాయి, కొత్త అచ్చులుంటాయి, శనివారం సాయంత్రం అతికించిన పీసులూ ఉంటాయి.

బరువు మాట మర్చిపోండి. ఈ బొమ్మల్ని పోసే డైకాస్ట్ పద్ధతి అంటే జింక్‌లో కొద్దిగా, 4 శాతం దాకా, అల్యూమినియం కలిపిన లోహాన్ని కరిగించి ఒత్తిడితో అచ్చులోకి పంపడం. గోడ మందంగా పోస్తే బరువు పెరుగుతుంది, పనితనం పెరగదు. నిజానికి పలుచటి రెక్క అంచు ప్లాస్టిక్‌లో ఇంకా బాగా వస్తుంది. చేతిలో చల్లగా, బరువుగా ఉంటే మనసుకి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అది క్వాలిటీ కాదు, సరదా.

లోహం విషయంలో భయపడాల్సింది వేరే ఉంది. జింక్‌లో సీసం లాంటి మలినాలు కలిస్తే కొన్నేళ్ళకి లోపల్నుంచే పగుళ్ళు పుడతాయి. రంగు ఉబ్బుతుంది, రెక్కలు వంకర్లు తిరుగుతాయి, చివరికి బిస్కెట్‌లా పొడి అవుతుంది. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. పేరు చూసి అంటుకుంటుందనుకుంటారు గానీ పక్క బొమ్మకి అంటదు, వచ్చినదానికి మందూ లేదు. తేమ దాన్ని తొందరపెడుతుంది. స్వచ్ఛమైన జింక్ వాడితే రాదు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మాత్రం రంగు కింద సన్నటి పగుళ్ళు, బుడిపెలు ఉన్నాయేమో వెతకండి.

సెకండ్ హ్యాండ్‌లో నేను దెబ్బతిన్న కథ ఒకటి చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ఒక ట్రైస్టార్ (మూడు ఇంజన్ల పాత విమానం) మోడల్ కొన్నాను. అన్ని ఫొటోలూ పక్క నుంచే పెట్టాడు, నేనూ పక్కలే చూశాను. ఇంటికొచ్చాక ముందు నుంచి చూస్తే ఎడమ రెక్క చివర కుడిదానికన్నా 2 మిల్లీమీటర్లు కిందికి ఉంది. అంటే అసలు విమానంలో 80 సెంటీమీటర్లు! రెక్క మొదట్లో తెల్లటి బూజులాంటి మచ్చ. ఫెవిక్విక్ లాంటి జిగురు ఆరేటప్పుడు అలా తెల్లగా ఆవిరి పడుతుంది. విరిగిన రెక్కని అతికించి అమ్మాడన్నమాట. అడిగితే ‘మీరు ముందు నుంచి ఫొటో అడగలేదుగా’ అన్నాడు. నిజమే మరి. అప్పట్నుంచి ముందు, వెనక, కింద నుంచి తీసిన ఫొటోలు లేకుండా డబ్బు పంపను. ముందు నుంచి చూస్తే రెండు రెక్కలూ ఒకే వంపులో లేవాలి, మీ 747కైతే నాలుగు ఇంజన్లూ నిటారుగా వేలాడాలి. వెనక నుంచి చూస్తే తోక నిలువుగా ఉండాలి.

మీ ఫొటోల్లో కొత్తది చూడండి. అచ్చు బ్రహ్మాండంగా ఉంది. ముక్కు, మూపు, ఇంజన్లు, పలుచటి రెక్కలు, వేటికీ వంక పెట్టలేను. కానీ ఎడమవైపు కిటికీల తోరణాలు నాలుగో తలుపు దాటాక కిందికి జారాయి. ఇది పీసు లోపం, అచ్చు లోపం కాదు. పాతదానికి పొట్ట కింద అతుకు కనిపిస్తోంది, వీపు మీద యాంటెన్నాలు లేవు, చక్రాలు కాస్త లావు. కానీ మొహం సరిగ్గా ఉంది, తోరణాలు వరస తప్పలేదు. ప్రహరీ దగ్గర నిలబడితే నాకు అదే మీ పెద్దనాన్న ఎక్కిన జంబోలా కనిపిస్తోంది. కొత్తదాన్నే ఇంకో పీసు చూపించమనండి. తోరణాలు సరిగ్గా ఉంటే, రూ.9,500 మీకు భారం కాకపోతే అదే తీసుకోండి. ఉన్నదొక్కటే పీసు అంటే పాతదాన్ని కొనుక్కుని మిగిలిన డబ్బుతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ A320 వెతుక్కోండి, చక్రాలు లెక్కపెట్టి.

ధర పెరుగుతుందా అన్నారు. మన దగ్గర ఇవి ఖరీదుగా ఉండటానికి క్వాలిటీతో సంబంధం లేని కారణం ఒకటుంది. స్కేల్ మోడల్స్‌ని కస్టమ్స్ వాళ్ళు బొమ్మల కిందే లెక్కేస్తారు. ఆ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దాని మీద జీఎస్టీ, రవాణా. కాబట్టి మీరిచ్చే రూ.9,500లో బొమ్మ వాటా ఎంతో మీరే ఊహించుకోండి. అమ్మేటప్పుడు ఆ పన్ను మీకెవరూ తిరిగివ్వరు. పైగా రేపు ఎవరైనా ఇంకా మంచి అచ్చుతో అదే విమానం తెస్తే నిన్నటి అపురూపమైన మోడల్ సగం ధరకి పడిపోతుంది. నా అల్మరాలోనే అలాంటివి అరడజను ఉన్నాయి. లాభం కోసమైతే వద్దు.

రెండో పీసు ఫొటోలు వస్తే నాకూ పంపండి. ముందు నుంచి తీసినది తప్పకుండా ఉండాలి.